అంతోనోవ్‌కు చావుకాగితం

నా పని చావుకాగితాలు అచ్చువేయడం. మొహం చిట్లించకండి. దాన్యూబ్ ఒడ్డున మా ఊళ్ళో ఏడాది పొడుగునా నిలకడగా సాగే వ్యాపారం ఇదొక్కటే. పుట్టేవాళ్ళు తగ్గారు గాని పోయేవాళ్ళు తగ్గలేదు. పోయిన ప్రతి మనిషికీ ఒక కాగితం ఉండాలి. నల్ల అంచు, పైన సిలువ, నడుమ ఫొటో, దాని కింద పేరు, ఆ కింద ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ. ఇంటి తలుపుకొకటి, బస్టాపుకొకటి, రొట్టెల కొట్టు ముందున్న చెట్టుకొకటి అంటిస్తారు. నలభయ్యో రోజుకు మళ్ళీ అచ్చు, ఆరు నెలలకు మళ్ళీ, ఏడాదికి మళ్ళీ. బతికుండగా పలకరించనివాళ్ళు కూడా పోయాక ఆగి మరీ చదువుతారు.

ఈ కథ నాది కాదు, మ్లాదెన్ బాబాయిది. కాకపోతే ఇందులో నా చెయ్యి కూడా ఉంది. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం నాకు తేలిక.

మ్లాదెన్ బాబాయి పీపాలు చేసేవాడి కొడుకు. సైన్యంలో విమానాల మెకానిక్ పని నేర్చుకుని, అరవయ్యేడులో మా ఊరి విమానాశ్రయంలో చేరాడు. అదే ఏడాది మొదటి అంతోనోవ్ వచ్చింది. రెక్కలు నెత్తిన పెట్టుకున్నట్టుండే నలభై ఎనిమిది సీట్ల విమానం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాజధాని సోఫియాకు వెళ్ళేది. యాభై నిమిషాలు. రైల్లో అయితే ఏడు గంటలు పట్టేది, అదీ రైలుకు బుద్ధి పుడితే. జనం మిరపకాయల బుట్టలు ఒళ్ళో పెట్టుకుని ఎక్కేవారు. పన్ను పీకించుకోవడానికి ఎక్కేవారు. నా గొంతులో కాయలు తీయించడానికి మా అమ్మ నన్నందులోనే తీసుకెళ్ళింది. వెళ్ళేటప్పుడు భయంతో, వచ్చేటప్పుడు ఐస్‌క్రీం ఎక్కువై, రెండుసార్లూ వాంతి చేసుకున్నాను. ఆ సీటు కడిగింది మ్లాదెన్ బాబాయే. యాభై ఏళ్ళొచ్చినా నన్ను చూసినప్పుడల్లా "ఏరా, కడుపు బాగుందా?" అని అడగడం మానలేదు.

ఆయన పని తీరు ఊరంతా ఎరిగినదే. విమానం బయలుదేరే ముందు చుట్టూ తిరిగి, తట్టి, చెవి పెట్టి విని, అప్పుడు పుస్తకంలో సంతకం పెట్టేవాడు. చూడనిదే పెట్టడు. డెబ్భై తొమ్మిదిలో జిల్లా పార్టీ కార్యదర్శి మహాసభకు బయలుదేరి కూర్చుంటే, కుడి ఇంజను కింద నూనె తడి ఉందని ఈయన కలం తీయలేదు. మూడున్నర గంటలు అంత పెద్దమనిషి టోపీ ఒళ్ళో పెట్టుకుని సీట్లో కూర్చోవలసి వచ్చింది. దానికి శిక్షగా బాబాయిని ఆరు నెలలు సామాన్ల గదికి పంపారు. తిరిగి వచ్చిన రోజున ఆయన మొదట చేసిన పని అదే ఇంజను కింద చెయ్యి పెట్టి చూడటం. ఈ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పింది దోబ్రినా పిన్ని, ఆయన భార్య.

తర్వాత కాలం మారింది, పెట్రోలు ధర పెరిగింది, విమానాలు ఆగిపోయాయి. బాగున్నవాటిని ఎగరేసుకు పోయారు. ఇంజన్ల ఆయుష్షు తీరిన ఆ మొదటి అంతోనోవ్ ఒక్కటే గడ్డిలో మిగిలింది. బాబాయి పెన్షనులో నుంచి ఒక తాళంకప్ప కొని దాని తలుపుకు వేశాడు. ఆయన్నెవరూ అడగలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు. ఏటా ఎండలు రాగానే నిచ్చెన వేసుకుని దాన్ని కడిగేవాడు. తోకలో కందిరీగలు గూడు కడితే పొగ పెట్టేవాడు. కిటికీల అంచుల్లో మైనం రుద్దేవాడు. అలా ఇరవై ఆరేళ్ళు.

"నేను రెండో పెళ్ళాన్నమ్మా. పెద్దావిడ విమానాశ్రయంలో ఉంటుంది. ఆవిడకి స్నానం చేయిస్తాడు. నాకు మాత్రం వీపు రుద్దమంటే నడుంనొప్పంటాడు" అనేది పిన్ని, రొట్టెల కొట్టు వరసలో నిలబడి అందరూ వినేలా.

నిజం చెప్పాలంటే నాకు ఆ పిచ్చి మొదట్లో ఎక్కలేదు. పాత రేకుల మీద అంత ప్రేమేమిటని ఒకసారి మొహం మీదే అడిగేశాను.

"ఒరేయ్ త్సెకో, ఈ ఊళ్ళో ఇప్పుడేముంది చెప్పు. సోఫియాకి బస్సు లేదు, రైలు వారానికి మూడు రోజులొస్తుంది. రేపు ఎవడికైనా 'మేం పొద్దున్నే లేచి విమానమెక్కి సోఫియాలో కాఫీ తాగొచ్చేవాళ్ళం' అని చెప్తే నమ్ముతాడా? తాగినవాడి మాట అనుకుంటాడు. అది అక్కడ ఉన్నంతకాలం మనం అబద్ధం కాదురా."

ఆ మాటతో నాకూ అంటుకుంది.

రెండువేల పద్దెనిమిది వేసవిలో ఆ నేలంతా ఒక సోలారు కంపెనీ కొంది. కంపెనీ తరఫు మనిషి వచ్చి, చాలా మర్యాదగా, అక్టోబరు ఇరవై, శనివారం మధ్యాహ్నం పన్నెండు దాకా గడువిచ్చాడు. ఈలోగా ఇనుప సామాను కింద దాని ఖరీదు, క్రేను ఖర్చు, లారీ ఖర్చు కలిపి కడితే మనమే తీసుకెళ్ళొచ్చు. లేకపోతే కోసి అమ్మేస్తారు. మా డబ్బులో మొత్తం పద్దెనిమిది వేల లేవలు. మా ఊళ్ళో పెన్షను మూడొందలు దాటితే ధనవంతుడి కింద లెక్క.

నలుగురం కలిశాం. బాబాయి, పిన్ని, నేను, భూగోళం చెప్పే ఇస్క్రా టీచరు. బడి వెనక ఖాళీ స్థలంలో విమానం పెట్టుకోవడానికి టీచరే అనుమతి తెచ్చింది. పిన్ని గుమ్మడికాయ పొరల రొట్టెలు కాల్చి అమ్మింది. బాబాయి ఐదు లేవలు తీసుకుని జనాన్ని సీట్లలో కూర్చోబెట్టాడు. ఇంజను ఆడని విమానంలో నడుం పట్టీలు బిగించుకుని యాభై నిమిషాలు కూర్చుని దిగిపోయేవారు. కొందరు దిగేటప్పుడు కళ్ళు తుడుచుకునేవారు. ఒక ముసలాయన తన పాత సీటే కావాలని గొడవపెట్టి, అందులో కూర్చున్నవాణ్ణి లేపి మరీ కూర్చున్నాడు. రొట్టెల కొట్లో, పోస్టాఫీసులో, బడిలో పెట్టెలు పెట్టాం. సెప్టెంబరు ఆఖరుకి పద్నాలుగు వేలు వచ్చాయి. అక్కడ ఆగింది. ఇంకా నాలుగు వేలు కావాలి, మూడు వారాలే ఉంది. టీచరు గోడల మీద అంటించిన విజ్ఞప్తుల మీద జనం సైకిళ్ళు ఆనించి వెళ్ళిపోతున్నారు.

అప్పుడొచ్చాడు మ్లాదెన్ బాబాయి నా కొట్టుకి.

"త్సెకో, ఈ ఊరి జనం ఏం చదువుతార్రా?"

"ఏమీ చదవరు బాబాయ్. కరెంటు బిల్లు కూడా చదవకుండానే తిడతారు."

"తప్పు. నువ్వు అచ్చేసేవి చదువుతారు. ఒక్కటి కూడా వదలరు. నేనే చూశాను, మొన్న బస్టాపులో ఒకావిడ బస్సు పోతున్నా ఆగి చదివింది."

నాకు అర్థమై నవ్వొచ్చింది. మరుక్షణం నవ్వు ఆగిపోయింది. "బతికున్నదానికి చావుకాగితమా? పిన్నికి చెప్పావా?"

"దోబ్రినాకి చెప్తే పనిలోపని నాది కూడా అచ్చేయించమంటుంది. నువ్వు కానియ్యి. చూడగానే గుండె ఝల్లుమనాలి. అప్పుడు కదులుతారు."

ఫొటో తెచ్చుకున్నాడు. డెబ్భై రెండులో తీసింది, ఎండలో తళతళలాడుతున్న అంతోనోవ్. మాటలు కూడా రాసుకొచ్చాడు. పేరు అంతోనోవ్-24. 1967–2018. అక్టోబరు 20, శనివారం, 12 గంటలకు, పాత విమానాశ్రయంలో. ఆ కింద అసలు విన్నపం. ఇది ఇంకా పోలేదు, మీరు తలుచుకుంటే పోదు, ఇంకా నాలుగు వేల లేవలు చాలు, పెట్టెలు ఫలానా చోట ఉన్నాయి అని.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. నా కంప్యూటర్లో చావుకాగితానికి ఒక మూస ఉంది. ఇరవై ఏళ్ళుగా అదే. ఫొటో పెట్టే చోట ఫొటో పెట్టాను, పేరు చోట పేరు పెట్టాను, విన్నపాన్ని మిగిలిన ఒకే ఒక్క చోట పెట్టాను. అడుగున, నల్ల అంచుకు ఆనుకుని, చిన్న వాలు అక్షరాల్లో "దుఃఖంలో మునిగిన కుటుంబం" అని వచ్చే చోటది. ఆ వరసను మా ఊళ్ళో ఎవరూ చదవరు. ఎందుకు చదువుతారు? కుటుంబం ఏడుస్తోందని వేరే చెప్పాలా? మావాళ్ళు ఫొటో చూస్తారు, పేరు చూస్తారు, రోజూ గంటా చూసి, గుండెల మీద సిలువ గీసుకుని వెళ్ళిపోతారు. ఈ సంగతి నాకన్నా ఎక్కువ తెలిసినవాడు ఈ దేశంలోనే లేడు. అయినా నా చెయ్యి అలవాటు ప్రకారం పోయింది.

నా కొట్లో ఇంకో అలవాటుంది. అచ్చుకు ముందు ఒక నమూనా తీసి, ఇంటివాళ్ళ చేత చదివించి, కింద సంతకం పెట్టించుకుంటాను. ఒకసారి పేరులో ఒక అక్షరం పోయి అన్నదమ్ములు నా మీదికి కర్ర తెచ్చారు, అప్పట్నుంచీ పెట్టుకున్న పద్ధతి. బాబాయి నమూనా చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు ఫొటో మీద ఆగాయి, పేరు మీదికి దిగాయి, తేదీ మీదికి దిగాయి.

"బాగా వచ్చిందిరా" అని సంతకం పెట్టేశాడు.

రెండు వందల కాగితాలు ఒక్క పూటలో అంటించాం. ఊరు కదిలిన మాట నిజం. బస్టాపులో జనం గుంపులుగా ఆగారు. ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ముసలివాళ్ళు టోపీలు తీశారు. బాబాయి రోడ్డుకి అటువైపు నిలబడి చూసి మురిసిపోయాడు.

"చూశావా, చదువుతున్నారు!"

చదివారు. చదివి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, పోయినవాళ్ళ కోసం మేం అనే మాట, "దేవుడు క్షమించుగాక" అన్నారు. తను వేసిన ఎత్తుకి వాళ్ళు కూడా ఆటగా తాళం వేస్తున్నారనుకుని ఆయన నవ్వేవాడు. ఇస్క్రా టీచరు మాత్రం నవ్వలేదు.

"బాబాయి గారూ, కాగితాలు అంటించి వారమైంది. పెట్టెల్లో ఒక్క నాణెం పడలేదు. అంతకుముందు కనీసం చిల్లరైనా పడేది."

పిన్నికి కూడా ఏదో తేడాగా అనిపించింది. "ఏమయ్యా, నాకు ఓదార్పులు చెప్తున్నారు. మా అక్క పోయినప్పుడు కూడా ఇంతమంది రాలేదు. మూడిళ్ళవాళ్ళు కూర గిన్నెలు తెచ్చి ఇచ్చారు."

"అదే, మనసు కరిగిందన్నమాట. ఆఖరి రోజున తెస్తారే. మనవాళ్ళు పన్నయినా ఆఖరి రోజున, ఆఖరి గంటలోనే కదా కట్టేది."

బుధవారం నాడు నాకు తెలిసిపోయింది. పూల కొట్టు వెనేరా ఫోనులో ఎవరికో గట్టిగా చెబుతోంది. "శనివారానికి చామంతులు, ఐదొందల జతలు. జతలేనండీ, విడివిడిగా వద్దు. అవును, విమానానికే." బతికున్నవాళ్ళకు మేం మూడో ఐదో ఇస్తాం. జతలు పోయినవాళ్ళకే. కొట్టు గడపలో అలాగే నిలబడిపోయాను. పెట్టెల్లో నాణేలు ఎందుకు ఆగాయో, కూర గిన్నెలు ఎందుకొచ్చాయో ఒక్కసారిగా అర్థమైంది. పోయినదాన్ని బతికించడానికి ఎవరైనా డబ్బిస్తారా?

గంటలో ఇంకో కాగితం అచ్చువేసి ఉండొచ్చు. పెద్ద అక్షరాల్లో, ఎర్ర రంగులో, అంచు లేకుండా. వేయలేదు. వేస్తే బాబాయి దగ్గరికెళ్ళి, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. నా మూస సంగతి చెప్పాలి. ఎలాగో సర్దుకుంటుందిలే అనుకుని ఇంటికెళ్ళి భోంచేశాను. ఆ భోజనం తలుచుకుంటే నాకిప్పటికీ నా మీద అసహ్యం వేస్తుంది.

శనివారం పదకొండుకల్లా జనం రావడం మొదలైంది. ఇన్నేళ్ళలో విమానాశ్రయం దారిలో అన్ని కార్లు నేను చూడలేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఒక బస్సు మాట్లాడుకుని వచ్చారు. బాబాయి పాత నీలం కోటు వేసుకున్నాడు. పిన్ని ఇస్త్రీ చేసి బొత్తాలు కొత్తవి కుట్టింది. విమానం మెట్ల మీద రిబ్బను కట్టిన పెట్టె పెట్టారు. ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వచ్చార్రా త్సెకో! చెప్పానా! ఊరు ఊరంతా వచ్చిందిరా!"

నేను పెట్టె మీది రిబ్బను సరిచేస్తూ ఉండిపోయాను.

మొదట ఒక ముసలావిడ వచ్చింది. ముందు చక్రానికి నమస్కరించి రెండు చామంతులు దాని దగ్గర పెట్టింది. ఆమె వెనకాల ఆయన నాలుగు పెట్టాడు. తర్వాత ఇద్దరు అక్కచెల్లెళ్ళు కొవ్వొత్తి వెలిగించి గడ్డిలో గుచ్చారు. ఒకావిడ మా దగ్గర చావులకు పంచే ఉడికించిన గోధుమలు పంచదార కలిపి తెచ్చి, కాగితం గిన్నెల్లో పంచుతోంది. ఒకాయన సీసా వంచి నేల మీద కొంచెం వైను పోశాడు. మనిషి తర్వాత మనిషి వచ్చి విమానం పొట్టను అరచేత్తో తడిమి, బాబాయి చెయ్యి కలిపి, పిన్నిని ముద్దుపెట్టుకుని పక్కకు తప్పుకుంటున్నారు. పెట్టె వైపు ఎవరూ చూడలేదు.

బాబాయి నోట్లో లెక్క పెట్టుకోవడం నాకు వినిపించింది. "రెండు... నాలుగు... రెండు... ఆరు..." లెక్క ఆపి నా వైపు చూశాడు. ఆ చూపు ఎలా ఉందో చెప్పలేను, చెప్పను.

మెట్లెక్కాడు.

"ఆగండి! ఇది పోలేదు! వింటున్నారా, ఇంకా పోలేదు! పన్నెండు దాకా టైముంది, నలభై నిమిషాలుంది! నాలుగు వేలు కావాలంతే! మనిషికి పదిహేను, ఇరవై వేస్తే చాలు, ఇప్పుడే బతికిపోతుంది!"

జనం నిశ్శబ్దమయ్యారు. ఆ నిశ్శబ్దం ఎలాంటిదో నాకు తెలుసు. శవపేటిక మూత వేసేటప్పుడు, పేగు బంధం ఉన్నవాళ్ళెవరో "కదిలాడు, నేను చూశాను" అని అరిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు ఇలాగే తలలు దించుకుంటారు. ఒక పెద్దాయన మెట్లెక్కి బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏడువు మ్లాదెన్, ఏడిస్తే తేలికవుతుంది."

"ఏడవడమేంటయ్యా! డబ్బులు! పెట్టె అదిగో!"

"మా నాన్నప్పుడు నేనూ ఇలాగే అన్నాను. ఊపిరి ఉందన్నాను. డాక్టర్ని పిలవమన్నాను. కూర్చో. ఎవరైనా మంచినీళ్ళివ్వండమ్మా."

"మతి పోయిందయ్యా పాపం, ఇన్నేళ్ళు కడిగినవాడు కదా" అని నా పక్కన ఎవరో అన్నారు.

నేను అప్పుడు మెట్లెక్కాలి. కాగితం నేను అచ్చువేశానని, కింద చిన్న అక్షరాలున్నాయని, ఈయనకు మతి పోలేదని గట్టిగా చెప్పాలి. నేనెక్కలేదు. ఎక్కింది దోబ్రినా పిన్ని. ఎవరి చేతిలోనో ఉన్న కాగితం లాక్కుని పైకెత్తింది.

"కింద చదవండర్రా! ఫొటో కాదు, కింద! అడుగున!"

ఒకావిడ కాగితాన్ని దూరంగా పట్టింది, దగ్గరగా పట్టింది. "కళ్ళజోడు తేలేదమ్మా. అడుగునేముంటుంది, కుటుంబం కదా?" చివరికి బస్సు డ్రైవరు తీసుకుని పైకి చదివాడు. ఒక్కొక్క మాటా పలుకుతుంటే జనం మొహాలు మారడం చూశాను. సంచులు తెరుచుకున్నాయి. కానీ సంచుల్లో ఏముంది? అప్పటికే పూలయ్యాయి, కొవ్వొత్తులయ్యాయి, గోధుమలయ్యాయి, బస్సు ఛార్జీలయ్యాయి.

"ముందే చెప్పొచ్చు కదయ్యా! నేను ఆరు చామంతులు కొన్నాను!"

"నేను ముందు పాతిక వేద్దామనుకున్నా. కాగితం చూసి అయిపోయిందిలే అనుకున్నా."

వేయగలిగినంత వేశారు. ఆరువందల ముప్పై వచ్చింది. కంపెనీ మనిషి కారు పక్కన నిలబడి గడియారం చూసుకున్నాడు. చెడ్డవాడు కాదు, పన్నెండు దాటి పది నిమిషాలు కూడా ఆగాడు. తర్వాత విమానాన్ని పాత ఇనుము వ్యాపారికి అప్పగిస్తూ కాగితాల మీద సంతకాలు చేసి వెళ్ళిపోయాడు.

కోసే మనిషి పేరు కామెన్. గ్యాసు బండలతో సహా పొద్దున్నుంచీ గేటు దగ్గరే ఉన్నాడు. గోధుమలు పంచుతున్నంతసేపూ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకూ ఒక గిన్నె ఇస్తే "దేవుడు క్షమించుగాక" అని తిన్నాడు. జనం వెళ్ళిపోయాక బాబాయి ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"నాయనా, మంట పెట్టకు. నేను మరలు విప్పి ఇస్తాను. ఎక్కడికక్కడ విడదీసి పెడతాను. బరువు తగ్గదు, నీకు నష్టం లేదు."

కామెన్ అటూ ఇటూ చూశాడు. "నాకు రేపు వేరేచోట పనుందిలే బాబాయ్. సోమవారం మొదలెడతాను" అన్నాడు. ఆదివారం పొద్దున్నే క్రేను తీసుకుని వచ్చి బాబాయి పక్కన నిలబడ్డది ఆయనే. వేరేచోట పనన్నది ఉత్తమాటే.

ఆ ఆదివారం నేనూ వెళ్ళాను. బాబాయి నిచ్చెన మీద ఉన్నాడు. డెబ్భై ఆరేళ్ళ మనిషి ఒక్కో మర వదులు చేసి, తుడిచి, డబ్బాలో వేస్తున్నాడు. అవన్నీ కరిగించడానికే పోతాయి, అయినా తుడుస్తున్నాడు. ఆయన కిందికి దిగి రొట్టె ముక్క తింటున్నప్పుడు చెప్పేశాను. మూస సంగతి, అడుగున పెట్టిన సంగతి, బుధవారమే తెలిసీ నోరు మూసుకున్న సంగతి. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"నమూనా నాకు చూపించావా లేదా?"

"చూపించాను బాబాయ్, కానీ..."

"సంతకం ఎవడు పెట్టాడు?"

నేను చేతికందిన మర ఒకటి తీసి తుడవడం మొదలెట్టాను.

"ఇరవై అయిదేళ్ళు దీనికి సంతకం పెట్టాన్రా. కింద పడుకుని చూడనిదే ఒక్కసారి పెట్టలేదు. నీ కాగితం మాత్రం పైన చూసి పెట్టాను. ఫొటో బాగుందని పెట్టాను." రొట్టె కాగితంలో మళ్ళీ చుట్టేశాడు. "బుధవారం సంగతి వేరు. దానికి నీ మీద కోపం ఉంది. పోతుందో లేదో తెలీదు."

ఇప్పటికీ పోయినట్టు లేదు. ఎదురుపడితే పలకరిస్తాడు గాని, కడుపు బాగుందా అని అడగడం మానేశాడు. పోగైన డబ్బంతా తర్వాత టీచరు ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేసింది. చాలామంది తీసుకోవడానికి ఇబ్బందిపడి ముఖాలు పక్కకు తిప్పుకున్నారు.

ఆ సోమవారం పొద్దున్న విమానం దగ్గరికి వెనేరా వచ్చింది. అప్పటికి ఎడమ రెక్క విప్పి గడ్డిలో పడుకోబెట్టారు. ఆమె చేతిలో లావుపాటి కవరు ఉంది.

"బాబాయ్, ఇది శనివారం పూల డబ్బు. నాలుగు వేల రెండొందలు. కొట్టు పెట్టాక ఒక్కరోజులో ఇంత ఎప్పుడూ రాలేదు. రెండు రాత్రులు నిద్ర లేదు నాకు. తీసుకో. వెళ్ళి బతిమాలదాం పద."

కామెన్ తల దించుకుని అన్నాడు. "శనివారమే మా యజమాని పేరున రాసేశారమ్మా. ఇవాళ సాయంత్రం లారీలొస్తాయి. నేనడిగాను. ఫోనులో తిట్టాడు."

వెనేరా కవరు బాబాయి కోటు జేబులో కుక్కబోయింది. ఆయన ఆమె చెయ్యి మెల్లగా పక్కకు తీశాడు.

"బతికున్నదానికైతే తీసుకునేవాణ్ణి తల్లీ. పోయినదానికి పూలు వచ్చాయిగా, చాలు."

ఆమెకు ఏడుపు ఆగలేదు. వెనకే ఉన్న ఎడమ రెక్క అంచు మీద కూలబడిపోయింది. అంతసేపూ నెమ్మదిగా మాట్లాడిన బాబాయి గబగబా వెళ్ళి ఆమె జబ్బ పట్టుకున్నాడు.

"లే తల్లీ, లే. అది రెక్క. దాని మీద కూర్చోకూడదు."